నీరటికాడు మొదలుకొని నల్లావాలా వఱకు

మన మహాసభా సంచికలందు ఏటేట మన పురాణపురుషులను గూర్చిన వ్యాసమొకటి తప్పక ప్రకటింపబడుచున్నది. జాంబవ పురాణమును, అరుంధతీదేవి వృత్తాంతమును మేము తక్కువగా నెంచువారము కాము. ఐనను నిన్న మొన్నటి వఱకు తెల్లవాఱక మునుపే లేచి, భుజమున ఇనుపచావి వైచుకొని, శాలిబండ, హుసేనీ ఆలం, ఘాంసీబజారు గల్లీలలో నీళ్లు విప్పి వచ్చిన మన తాతదండ్రులను గూర్చి ఈ పుటలలో ఏమియు వ్రాయబడకపోవుట మాకు లోటుగా తోచినది. అందుచే ఈ యేడు ఆ ప్రయత్నమునకు పూనుకొంటిమి.

ఇందులకు వేఱొక కారణము కూడ కలదు. పోయిన యేటి మహాసభలో భోజనములైన పిమ్మట పెద్దలును యువకులును గుమిగూడి మాటలాడుకొనుచుండగా నొక వాదము పుట్టినది. జలశాఖలో ముప్పదియేండ్లు కొలువుచేసి పించను పుచ్చుకొనుచున్న వృద్ధుడొకడు, "సర్కారు నౌకరి మనలను మనుష్యులను చేసినది బిడ్డా, దానిని విడువకుడు" అనెను. డిగ్రీ పరీక్షలో నుత్తీర్ణుడయ్యు కంట్రాక్టరు క్రింద మురుగుకాలువల పనిలో నున్న యువకుడొకడు, "తాతా, నీవు చేసిన నౌకరి ఎక్కడ నున్నదో చూపుము, ఱేపే చేరెదను" అని బదులు చెప్పెను. వృద్ధుడు మఱి మాటలాడలేదు. ఇద్దఱి మాటయు నిజమే. శాఖ యొకటే, కులమొకటే, గల్లీలు కూడ అవే. నడుమ నేమి జరిగినదో విచారించుటయే ఈ వ్యాసమునకు విషయము.

పట్నమునకు రాకమునుపు మనవారికి నీటితో సంబంధము లేకపోలేదు. తెలంగాణము చెఱువుల దేశము. ప్రతి చెఱువునకు తూము కలదు. తూమునకు నీరటికాడు కలడు. ఏ మడికి ఎంతసేపు నీరు పాఱవలెనో, కట్ట యేచోట చెమ్మగిలినదో, వానకాలపు రాత్రి అలుగు దుముకునో లేదో కనిపెట్టియుండుట వాని విధి. ఈ పని అనేక గ్రామములందు అస్పృశ్యులని పిలువబడిన కులములవారిదే. నీరటి యను ఇంటిపేరు నేటికిని మన పల్లెలలో వినబడుచునే యున్నది. జీతమనునది వానికి లేదు. కళ్లమువద్ద కొలిచెడి మేరయు, కొన్ని యూళ్లలో గుంట రెండుగుంటల ఇనాము భూమియు దక్కెడివి. అదియైన పట్వారి మనస్సు బాగుండిననాడు.

తోలుపని మఱియొకటి. కాలువ యెక్కని మెట్టకు నీరు బావినుండి మోటతో రావలెను. ఆ మోటబొక్కెనను కుట్టినవాడు మాదిగ. తోలును నానవేసి, తంగేడు చెక్కతో పదునుపఱచి, తొండము కుట్టి, చినిగినప్పుడెల్ల మరమ్మతు చేసి యిచ్చుట వాని వంతు. ఆ తోలుబొక్కెనలోని నీటితో పండిన ధాన్యము ఊరందఱి యిండ్లలోను ఉడికెడిది. తోలు తాకిన నీరని యెవరికిని మైల తోచలేదు. ఆ బొక్కెన కుట్టినవాడే దప్పికగొని బావిగట్టునకు వచ్చినచో మాత్రము దూరముగ నిలిచి దోసిలి పట్టవలసినదే. చెఱువు నీటినంతయు నీరటికాని చేతికి అప్పగించిన గ్రామము మంచినీళ్లబావిలో వానిని చేద వేయనీయలేదు. ఈ విడ్డూరమును పాఠకులు మనస్సున నుంచుకొందురు గాక. పట్నములో నిది మఱియొక రూపమున కనబడును.

హైదరాబాదు నగరము 1591లో ముహమ్మదు కులీ కుతుబ్‌షాహు పునాదివేసినది. చార్మినారునకు ఉత్తరమున నాలుగు కమానుల నడుమనున్న గుల్జార్ హౌజు ఆనాటి నీటి వైభవమునకు గుఱుతు. కాని హౌజులు చూపునకును, కాలువలు దేవిడీల తోటలకును. సామాన్యులు త్రాగినది బావులనీరును, భిస్తీలు తోలుమషకులలో వీపున మోసి తెచ్చిన నీరును. 19వ శతాబ్ది తొలి యేండ్లలో దివానైన మీర్ ఆలము, శ్రీరంగపట్నపు యుద్ధమున లభించిన ధనముతో నగరమునకు నైరృతి దిక్కున చెఱువు కట్టించెను. నీటివైపునకు వంగిన ఇరువదియొక్క కమానులను ప్రక్కప్రక్కన కూర్చి కట్టిన ఆ కట్ట పొడవు రమారమి యొక మైలు, నేటికిని నిలిచియున్నది. గండిపేట నీరు వచ్చువఱకు పాతనగరమునకు త్రాగునీరిచ్చిన ముఖ్యాధారము అదియే.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి నగరము నడుమ పాఱినది. కోల్సావాడి, ఘాంసీబజారు మున్నగు పేటలు పేటలుగానే కొట్టుకొనిపోయినవి. ఒక్క దినములో సుమారు పదునైదువేలమంది మృతినొందిరని ప్రసిద్ధి. అఫ్జల్‌గంజు దవాఖానా ఆవరణలోని చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది వఱకు బ్రదికిరి. ఆ చెట్టును నేటికిని చూపుదురు. వరదకు కారణము విచారించుటకై 1909లో రప్పింపబడిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు మూసీ పరీవాహమున 788 చెఱువులు గలవనియు, వానిలో 221 తెగిపోయినవనియు లెక్కతేల్చిరి. ఇంజనీర్లు ఆ సంఖ్యను చదివి నీటి ఘనపుటడుగులను గుణించుకొందురు. మేము చదివినప్పుడు మాకు స్ఫురించినది వేఱు: ప్రతి కట్టకు నొక నీరటికాడు కావలియుండెడి కాలమది.

విశ్వేశ్వరయ్యగారు రెండు సలహాల నిచ్చిరి. నగరమునకు ఎగువన మూసీకి, దాని ఉపనదియైన ఈసీకి ఆనకట్టలు కట్టి వరదను నిలుపుట మొదటిది. నగరపు మురుగునంతయు భూమిలోపల గొట్టములద్వారా బయటికి కొనిపోవుట రెండవది. మొదటిదాని ఫలితముగ ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. ఒకదానికి ఏడవ నిజాము పేరు, రెండవదానికి ఆయన కుమారుని పేరు. వీని నిర్మాణమున అలీ నవాజ్ జంగు బహదూరు ఇంజనీరుగా గడించిన కీర్తి యందఱకు తెలిసినదే. ఉస్మాన్‌సాగరు నీరు తొమ్మిదిమైళ్ల రాతికట్టు కాలువలో ఏ యంత్రము నెత్తకయే తనంతట పల్లమునకు పాఱుచు ఆసఫ్‌నగరు చేరును. హిమాయత్‌సాగరు నీరు అటులనే మీర్ ఆలము వడపోత తొట్లకు వచ్చి పాతనగరమునకు పోవును. రెండవ సలహా ఆలస్యముగ ఫలించినది. 1911లో మహామారి నగరమును బాధించినది. మఱుసటి యేడు నగరాభివృద్ధిమండలి యేర్పడి ఇఱుకుపేటలను చక్కజేయ నారంభించినది. భూగర్భ మురుగుకాలువలు 1931నాటికి 54 చదరపు కిలోమీటర్ల మేర, 4 లక్షల 68 వేల జనమునకై యేర్పడినవి.

ఈ రెండు పనులనుండియే రెండు కొలువులు పుట్టినవి. ఒకటి మంచినీటిది, రెండవది మురుగునీటిది.

ఆ దినములలో ఆబ్‌రసానీ మహకమా యని పేరుగల నీటిశాఖలో చేరుట మనవారికి ఎంతటి మార్పో నేటి యువకులు ఊహింపజాలరు. పల్లెలో మేర కొలుచువాని దయ. ఇచట నెలకొక తేదీ. పల్లెలో రాత్రనక పగలనక పిలుపు. ఇచట హాజరీపట్టీయు, పనివేళయు. పల్లెలో తండ్రి పేరుతోనో తిట్టుపేరుతోనో పిలుపు. ఇచట రిజిస్టరులో తన పేరు. వెట్టి చేయువానికి ముసలితనమున దిక్కు కొడుకే, కొలువువానికి పించను. ఇంగ్లండు మొదలగు దేశములలో నీటి కంపెనీలను పురపాలక సంఘములు స్వాధీనపఱచుకొని ప్రజోపయోగపు పనులుగా నడపినప్పుడు అచటి పనివారికి గలిగిన నిలుకడ యెట్టిదో, ఇచట మనవారికి నట్టిదే గలిగినది. ఐతే వారు కూలి మాత్రమే మార్చుకొనిరి. మనవారు కూలితోపాటు పిలుపును కూడ మార్చుకొనిరి. ఇంటికి జాబు వచ్చినచో పైన 'శ్రీ' యని వ్రాయబడియుండుట తమ తండ్రి యెన్నడును మఱువలేదని ఒక పెద్దమనిషి మాతో చెప్పెను.

ఇందులకు చదువు తోడ్పడినది. 1910లో భాగ్యరెడ్డివర్మగారు ఇసామియాబజారున మన పిల్లలకై తెలుగు పాఠశాలను తెఱచిరి. తరువాత నగరమున నట్టి పాఠశాలలు పెక్కు వెలసినవి. ఆ బల్లలమీద అక్షరములు దిద్దినవారిలో కొందఱు సర్కారు కొలువులకు తగినవారైరి. "దస్తఖతు చేయువానికి వాల్వు, వేలిముద్ర వానికి మోరీ" యని మా చిన్ననాట పెద్దలు అనెడివారు. ఇది హాస్యముగ పుట్టిన మాటయే కావచ్చును గాని అందులో నొక శాసనమంత సత్యము గలదు.

హిమాయత్‌సాగరు పూర్తియైన 1927వ సంవత్సరముననే, మార్చి 20వ తేదీన, కొంకణ దేశమందలి మహాడ్ పట్టణమున డాక్టరు అంబేడ్కరు వేలకొలది జనముతో కదలి చౌదారు చెఱువునీటిని దోసిట పట్టి త్రాగిరి. చట్టము అనుమతించిన చెఱువునీటిని త్రాగుటకే అంతటి సాహసము కావలసివచ్చినది. భూమిలోపలి గొట్టమునకు గట్టు లేదు, మెట్లు లేవు. ఎవరు ముందు, ఎవరు వెనుక యని నీరు అడుగదు. వీథినల్లావద్ద బిందెల వరుసలో తగవులు లేకపోలేదు, మైల మాటలును వినబడకపోలేదు. ఐనను బావిగట్టున శతాబ్దులుగా సాగిన నియమము నల్లావద్ద నిలువలేకపోయినది. దీనిని మేము ఇంజనీరింగు విజయముగ మాత్రమే యెంచము.

ఇక వాల్వుపని యెట్టిదో కొంత వివరింతుము. బయటివారికి అది తాళము తీసినంత సులువుగ తోచును. నగరములో నీరు దినమంతయు పాఱదు. పేటపేటకు వంతు కలదు, పాతనగరమున ననేకచోట్ల దినము విడిచి దినము. వాల్వుపై మూత తీసి, మనిషి రొమ్మెత్తు ఇనుపచావిని లోనికి దింపి, త్రిప్పవలెను. ఎన్ని చుట్లు త్రిప్పిన ఎంత నీరు పోవునో ఏ పుస్తకమునను లేదు. పల్లపు గల్లీకి తొందరగ వచ్చును, మిట్టపై నున్న వీథికి సన్నగ వచ్చును. పల్లమును కొంత బిగించి మిట్టను విడువవలెను. వడిగా త్రిప్పినచో గొట్టములోని నీరు ఎదురుతన్ని పాతగొట్టము పగులును. రాత్రివేళ సద్దుమణిగిన పిమ్మట ఇనుపకడ్డీ నొక కొన నేలకు, నొక కొన చెవికి ఆనించి, భూమిలోపల నీరు కాఱుచున్న చప్పుడును వినిపట్టుట మఱియొక విద్య. నల్లకాఱుటయు, గొట్టము పగులుటయు, మోరీలో నీరు పడుటయు వేఱువేఱు ధ్వనులు. ఈ విద్యలో ఆఱితేఱిన మన పెద్ద నొకనిని మేమెఱుగుదుము. వృద్ధాప్యమున నాతనికి మనుష్యుల మాట సరిగ వినబడెడిది కాదు, కడ్డీ ఆనించినచో నేల మాట వినబడెడిది.

పల్లెలో తూము తెఱచిన నీరటికాడే పట్నములో వాల్వు తెఱచువాడైనాడని మేము చెప్పినచో అతిశయోక్తి యనరాదు. వాని గౌరవము కూడ అటువంటిదే. గల్లీలో అడుగుపెట్టగానే పిల్లలు "నల్లావాలా వచ్చినాడు" అని కేకలు వేయుదురు. బురఖా వేసికొన్న ముదుసలి తలుపుచాటునుండి "భాయ్, ఇంకొక పావుగంట" అని బతిమాలును. లాల్‌దర్వాజా బోనాలనాడును, మొహర్రము పదవనాడు డబీర్‌పురాకును నీరు లోటు రారాదు. రంజానునెలలో సహరివేళకు ముందే నల్లాలో నీరుండవలెను. హిందువుల పండుగనాడును, ముసల్మానుల పండుగనాడును కొలువులోనే యుండుటవలన మనవారికి తమ యింటి పండుగ మఱునాటికి వాయిదా పడుట అలవాటైనది. నగరమున కల్లోలములు చెలరేగి కర్ఫ్యూ విధింపబడిన దినములలో సైతము చావి భుజాన వైచుకొన్నవానిని ఇరువర్గములవారును పోనిచ్చెడివారని పెద్దలు చెప్పుదురు. నీరు రానినాడు ఎవరికిని మతము గుఱుతుండదు కాబోలు.

ఇప్పుడు మురుగు కొలువును గూర్చి. ఒక యింటి సంగతిని చెప్పుదుము, పేరులు అనవసరము. మన కుటుంబమొకదానిలో బావ వాల్వుపని, బావమఱిది మోరీపని. ఇద్దఱికిని ఒకే పేట. ఆ పేటలోని యొక గృహస్థు ఇంట పెండ్లి వచ్చినది. బావ రెండుదినములు అదనపు నీరు విడిచినాడని ఆ యింటివారు విస్తరి వేసి, కుర్చీ వేసి, భోజనము పెట్టిరి. పెండ్లి జనముచే మోరీ నిండి పొంగినది. బావమఱిది వచ్చి రెండుగంటలు దానిలో దిగి తీసెను. బయటికి వచ్చునప్పటికి తలుపు మూయబడియున్నది. కాళ్లు కడుగుకొనుటకు నీళ్లడిగినచో మేడపైనుండి పోసిరి. ఆ నీరు తన బావ విడిచిన నీరే. బావమఱిది ఈ సంగతిని ఇంటివద్ద నవ్వుచు చెప్పెనట. పల్లెలోని విడ్డూరము పట్నములో మఱియొక రూపమున కనబడునని మేము పైన వ్రాసినది ఇందులకే. అచట నొకే మనుష్యుడు చెఱువువద్ద కావలసినవాడు, బావివద్ద అక్కఱలేనివాడు. ఇచట నొకే యింటి ఇద్దఱు మనుష్యులు అటుల విభజింపబడిరి.

మోరీపని కేవలము కండబలపు పని యనుకొనుట పొరపాటు. మూత తీయగానే దిగరాదు. ఎగువ మూతను, దిగువ మూతను కూడ తెఱచి గాలి ఆడనీయవలెను. గోడపై బొద్దింకలు కదలుచున్నవా, చచ్చి పడియున్నవా యని చూడవలెను. కుళ్లినగ్రుడ్ల వాసన వచ్చు విషవాయువునకు పేరు హైడ్రోజన్ సల్ఫైడ్. వాసన వచ్చుచున్నంతవఱకు కొంత మేలు. వాయువు మిక్కిలి దట్టమైనచో ముక్కు వాసన పట్టుశక్తినే కోల్పోవును. అప్పుడు 'వాసన పోయినది' అని దిగినవాడు తిరిగిరాడు. రెండు మూడు శ్వాసలలోనే స్మృతి తప్పును. పైనున్నవాడు తోటివానిని రక్షింపబోయి తానును దిగుటచేతనే ఒక్కొక్కమాఱు ఇద్దఱు ముగ్గురు కలిసి చచ్చుచుందురు. నడుమునకు త్రాడు కట్టి పైన ఇద్దఱు పట్టుకొనవలెనను నియమము మన పెద్దలు ప్రాణములిచ్చి నేర్చినది. పాతకొలువులో జతగాడు మాఱెడివాడు కాడు. ఇరువదియేండ్లు ఒకే జత. త్రాటి లాగుడులోనే లోపలివాని సంగతి పైవానికి తెలిసెడిది. ఉత్తర హిందూస్థానమునుండి వచ్చి స్థిరపడిన మెహతరు సోదరులు పాకీదొడ్ల పనిలో పడిన పాట్లు మనవానికంటె తక్కువవి కావు. వారి చరిత్ర వారు వ్రాసికొనుట న్యాయము.

పాకీదొడ్లను, మనుష్యులచే మలము నెత్తించుటను నిషేధించు శాసనము 1993లో వచ్చినది. మన రాష్ట్రమున 1997 జనవరి 26 నుండి అమలులోనికి వచ్చినది. బెజవాడ విల్సనుగారును, ఐ.ఏ.ఎస్. పదవినుండి విరమించిన ఎస్.ఆర్. శంకరన్‌గారును సఫాయి కర్మచారీ ఆందోళనమున పాటుపడి, ఈ దురాచారమును సుప్రీముకోర్టు నెదుట పెట్టిరి. శంకరన్‌గారు 2010లో హైదరాబాదుననే స్వర్గస్థులైరి. 2013 శాసనము మోరీలలో రక్షణసామగ్రి లేక మనుష్యులను దింపుటను కూడ నేరముగ నెంచి, మొదటి తప్పునకు రెండేండ్ల వఱకు ఖైదు, రెండులక్షల వఱకు జరిమానా విధించినది. 2014 మార్చి 27న సుప్రీముకోర్టు, 1993 మొదలుకొని మోరీలలో చనిపోయిన ప్రతివాని కుటుంబమునకు పదిలక్షలు చెల్లింపవలెనని తీర్పు చెప్పెను. 2023 అక్టోబరు 20 నాటి తీర్పున అది ముప్పదిలక్షలైనది.

శాసనమింత బిగువుగ నుండగా 2016 ఆగస్టులో మాధాపురమున నొక మన్‌హోలులో నలుగురు చనిపోయిరి. వారిలో నొకడు ఆ పనివాడే కాడు. దారిన పోవుచు మునిగినవారిని తీయబోయి తానును పోయినవాడు. అంతకు కొలదినెలల ముందు సుల్తానుబజారున ఇద్దఱు పోయిరి. ఇవి రెండును కంట్రాక్టు పనులే.

ఇచట మనము నిలిచి చూడవలెను. 1989 నవంబరు 1న నీటిశాఖయు మురుగుశాఖయు ఏకమై హైదరాబాదు మహానగర జలమండలి యేర్పడినది. మంజీర నీరు 1965 మొదలుకొనియు, కృష్ణ నీరు 2004 మొదలుకొనియు, గోదావరి నీరు 2015లోను నగరమునకు వచ్చినవి. నీరు పెరిగినది, గొట్టములు పెరిగినవి, జనము పెరిగినది. ఖాయపు కొలువులు మాత్రము ఆ మేరకు పెరుగలేదు. విరమించినవాని చోట మనిషిని నియమించుటకు మాఱుగ పనిని టెండరునకు విడుచుట ఆచారమైనది. కంట్రాక్టరు మాఱినప్పుడెల్ల జతలు మాఱును. త్రాటి భాష తెలిసినవాడుండడు. హాజరీపట్టీలో పేరు లేదు. పించను లేదు. మేర కొలుచు పట్వారి స్థానమున మేస్త్రీ వచ్చి కూర్చుండెనని ఒకరనినప్పుడు మేము కాదనలేకపోతిమి.

రిజర్వేషనుల సంగతి కూడ దీనితో ముడిపడినదే. 1994 మొదలుకొని మనవారు వర్గీకరణకై పోరాడిరి. 2024 ఆగస్టు 1న సుప్రీముకోర్టు దానిని సమ్మతించెను. 2025 ఏప్రిలు 14 నుండి తెలంగాణమున అది శాసనమై మన వర్గమునకు నూటికి తొమ్మిది పాళ్లు లభించినవి. సంతోషింపదగినదే. కాని పాలు ఉద్యోగములో నున్నది గాని టెండరులో లేదు. ఉద్యోగము టెండరుగా మాఱినచో తొమ్మిది పాళ్లు దేనిలో పంచుకొందుము? వింత యేమనగా, మోరీలోనికి దిగు పనిలో మాత్రము ఏ రిజర్వేషనును లేకయే మనవారికి నూటికి నూఱు పాళ్లు దక్కుచున్నట్లున్నది. ఆ పనికై పైకులములవారు దరఖాస్తు పెట్టుట మేమెన్నడును కనలేదు.

మంచినీటి కొలువు గొప్పది, మురుగు కొలువు తక్కువది యని మనలో కొందఱు తలచుట కూడ మేమెఱుగనిది కాదు. వాల్వువాని యింటివారు మోరీవాని యింట పిల్లనిచ్చుటకు వెనుదీసిన సందర్భములు కలవు. ఊరివారి భేదమును మన యింటిలోనికి మనమే తెచ్చుకొంటిమి. భూమిలోపల ఈ రెండు గొట్టములును ప్రక్కప్రక్కనే యుండును. నీరు నిలిపినవేళ మంచినీటి గొట్టములో ఒత్తిడి తగ్గగా, పగుళ్లగుండ మురుగు లోనికి చొఱబడును. 2009 మే నెలలో తోళ్ల వ్యాపారమునకు పేరొందిన భోలక్‌పురమున అటులనే కలుషితమైన నీరు త్రాగి పలువురు చనిపోయిరి. మోరీ తీయువాడు తన పని సరిగ చేయనిదే వాల్వు త్రిప్పువాని నీరు మంచినీరు కాదు. 2020 అక్టోబరు వానలలో పల్లెచెఱువు తెగి పాతనగరపు దక్షిణపు బస్తీలు మునిగినప్పుడు రెండు కొలువులవారును నడుములోతు నీటిలో నొకటిగ నిలిచిరి. అప్పుడు ఎవడు వాల్వువాడో ఎవడు మోరీవాడో గుఱుతుపట్టుట కష్టముగ నుండెనని అచట నున్నవారు మాతో చెప్పిరి.

యంత్రముల సంగతియొకటి మిగిలియున్నది. పెద్ద లారీలమీది యంత్రములు వెడల్పు బజారులలోనే తిరుగును. పాతనగరపు గల్లీలలో రెండు రిక్షాలు ఎదురైననే దారి చాలదు. అందుచే 2017లో జలమండలి, దళిత పారిశ్రామికుల వాణిజ్యమండలి తోడ్పాటుతో, నీటివడిచే మురుగును త్రోసివేయు చిన్నయంత్రములను డెబ్బదింటిని ప్రవేశపెట్టినది. వానిని బాడుగకు నడపుటకు దళిత యువకులకే యిచ్చిరి. మోరీలో దిగినవాని కొడుకు మోరీమీద యంత్రము నిలిపి మీట నొక్కుట మేము చూచితిమి. ఆ యువకుని బట్టలు మధ్యాహ్నమునకు కూడ తెల్లగనే యుండెను. ఐతే అతడు అప్పు తీర్చవలసినవాడు. బాడుగ ఆలస్యమైనచో వాయిదా ఆగదు. అతడు నౌకరువాడు కాడు, యజమానియు పూర్తిగ కాడు. ఇందులో మన మేలెంత, కీడెంత యనుటకు ఇంకను కొన్ని యేండ్లు గడువవలెను. మనుష్యుడు లోనికి దిగకపోవుట ఒక్కటే చాలును అనువారితో మేము వాదింపము.

పోయిన యేటి వాదమును గూర్చి మేమేమనుకొంటిమని అడుగువారుందురు. వృద్ధుడు పొగడినది నీటిశాఖను కాదు, హాజరీపట్టీని, నెలతేదీని, మాఱని జతగానిని, పించనును. యువకుడు తిరస్కరించినది కష్టమును కాదు, ఇవి లేని కష్టమును. కావున మన సంఘము సర్కారునకు పంపు వినతిపత్రములలో 'మనవారికి పని కావలెను' అని వ్రాయుట మాని, 'పనికి ఖాయపు కొలువు కావలెను, వాల్వునకు మోరీకి ఒకే వేతనశ్రేణి కావలెను' అని వ్రాయవలెనని మా అభిప్రాయము. కార్యవర్గమువారు ఈ మహాసభలోనే దీనిని తీర్మానముగ ప్రతిపాదింపవచ్చును.

తాతదండ్రుల సర్వీసు పుస్తకములు, నియామకపు హుకుములు, ఉర్దూలోనున్న పాతచీటీలు, కొలువు బిళ్లలు ఎవరియింటనైన నున్నచో వానిని పాఱవేయక సంఘపు కార్యాలయమునకు చూపుడని కోరుచున్నాము. నకలు తీసికొని తిరిగి యిచ్చెదము. వాల్వుపని చేసినవారివే కాదు, మోరీపని చేసినవారివి ముందుగ కావలెను. ఇంతవఱకు మాకు చేరిన కాగితములలో వారివి రెండు మాత్రమే కలవు.